అట్టముక్క

పాకలోంచి ట్రాక్టరు బకెట్టును బయటికి లాగితే దాని అడుగు నుంచి ముందు తొండలు, తర్వాత మా పిల్లి, పిల్లి వెనక దాని పిల్లలు బయటికొచ్చాయి.

"అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసేశారు. ఇక రంగులు వేయించుకోవడమే" అన్నాడు మెకానిక్కు.

మావాడు నవ్వాడు. కోడలూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎగువన కొండల మీద మబ్బు దిగి కూర్చుంది. నేను దాన్నే చూస్తున్నాను.

ట్రాక్టరు కొత్తది. సీటు మీద ప్లాస్టిక్కు తొడుగు కూడా ఇంకా తీయలేదు. దాని ముందు తగిలించాల్సిన బకెట్టు, ఆ బకెట్టును ఎత్తే రెండు ఇనుప చేతులు, ఆ చేతులకు బలమిచ్చే సిలిండర్లు, ఆయిలు పైపులు మాత్రం పాతవి. అవి మా ఆయన కొన్నవి. ఆయన పోయాక పాత ట్రాక్టరు అమ్మేశాం. ఈ సామాను కొంటామని ఎవరూ రాలేదు. వచ్చినా నేను ఇచ్చేదాన్ని కాదు. ఏళ్ళ తరబడి పాకలో అలా పడి ఉంది.

ఇప్పుడు దానితో అవసరం పడింది. పోయిన వానల్లో వాగు గట్టుకు గండి పడి దిగువ చేను కోసుకుపోయింది. ఈసారి అదే గండిలోంచి నీళ్ళు దూకితే చేనుతో ఆగవు, ఇంట్లోకే వస్తాయి. తట్టలతో మోసి పూడ్చే గండి కాదది. మట్టి తోడే పెద్ద బండ్లన్నీ ఎగువ ఊళ్ళవాళ్ళు ముందే మాట్లాడేసుకున్నారు. మాకు మిగిలింది ఈ బకెట్టు. వాన రేపో మాపో అన్నట్టుంది.

ఆయన ఆఖరిసారి ఇల్లు కదిలింది కూడా దీని కోసమే. సిలిండర్లో ఆయిలు కారకుండా వేసే రబ్బరు సీళ్ళు తెస్తానని చెప్పులేసుకుని, "వెళ్ళొస్తానే" అన్నాడు. నేను కుట్టుమిషను మీద వంగి ఉన్నాను. "ఊఁ" అన్నాను. తల ఎత్తలేదు. తిరిగొస్తూ బస్సులోనే గుండె ఆగిపోయింది. జేబులో దొరికిన సీళ్ళను ఎవరో పుణ్యాత్ములు నా చేతిలో పెట్టారు, నల్లటి గాజుల్లా ఉన్నాయి.

అప్పటినుంచి గడప దాటే మనిషిని ఒకసారి వెనక్కి పిలిచి, ముఖం తేరిపార చూస్తే గాని నేను పంపను. "మా అమ్మ పిలుస్తుంది, అరగంట ముందే లేవండి" అని మావాడు చుట్టాలకు చెబుతుంటాడు. "పో" అనే మాట ఈ ఇంట్లో నా నోటివెంట ఎవరూ వినలేదు. పిల్లిని కూడా "వెళ్ళిరా" అంటానని కోడలు వెక్కిరిస్తుంది. నా భయాలు వాళ్ళకు అలవాటైపోయాయి, గోడ మీద గడియారం చప్పుడులాగా.

పొద్దున్నుంచీ పని సాగుతోంది. సిలిండరు రాడ్లకు అక్కడక్కడా తుప్పు మచ్చలుంటే మెకానిక్కు సన్న ఉప్పుకాగితంతో రుద్ది, వేలితో తడిమి, మళ్ళీ రుద్దాడు. రాడ్డు అద్దంలా లేకపోతే కొత్త సీలును గీరేస్తుందట. పాత సీళ్ళు తీస్తుంటే బెల్లం అచ్చుల్లా విరిగాయి. లోపల ఉన్న ఆయిలు చిక్కగా, కషాయంలా వచ్చింది. డీజిలు పోసి కడిగారు, కొత్త ఆయిలు నింపారు. అతను మా ఆయనకు స్నేహితుడు, నన్ను వదినా అంటాడు. పని చేస్తున్నంతసేపూ నోరు మూయడు.

నాకు చదువు ఎవరూ చెప్పలేదు. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. అందుకేనేమో, కంటబడ్డ అక్షరాన్ని వదలలేను. కొత్త ట్రాక్టరు చుట్టూ తిరిగి దాని మీద అంటించినవన్నీ పైకి చదివాను. ఒకదాని మీద అక్షరాలు లేవు. ఒక అరచెయ్యి బొమ్మ, దానిలోకి దూసుకుపోతున్న గీత.

"ఇదేమిటయ్యా?" అన్నాను.

మెకానిక్కు లేచి వచ్చి తన కుడిచెయ్యి ఆ బొమ్మ పక్కన పెట్టాడు. చూపుడువేలూ నడిమివేలూ లేవు. ఎప్పుడూ చూస్తున్న చెయ్యే, అడగడానికి నోరు రాక ఊరుకున్నాను ఇన్నేళ్ళూ.

"ఇదే, వదినా. ఇంజను తిరుగుతున్నప్పుడు ఈ పైపుల్లో ఆయిలు పిచ్చి ఏనుగులా ఉంటుంది. పైపుకు సూదిమొన అంత చిల్లి పడిందనుకో, అందులోంచి వచ్చేది కంటికి ఆనదు. చెయ్యి అడ్డం పెట్టామా, తోలు చీల్చుకుని లోపలికి పోతుంది. రక్తం రాదు. నొప్పుండదు. చీమ కుట్టినట్టుంటుంది, అంతే. నేనూ చీమే అనుకున్నా. దాన్ని తిట్టుకుంటూ ఇంటికెళ్ళి, తిని పడుకున్నా. తెల్లారేసరికి చెయ్యి సొరకాయంత అయింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నావేమయ్యా అన్నాడు డాక్టరు. నిజంగా గొడ్డలే అనుకో."

"మరి కారుతోందో లేదో ఎలా తెలుస్తుంది?"

"అట్టముక్క పట్టి చూడాలి." కొత్త సీళ్ళొచ్చిన పెట్టె మూత చించి మావాడి చేతికిచ్చాడు. "అల్లుడూ, విన్నావా? చెయ్యి పెట్టకూడదు. పెట్టావో, మా ఇంట్లో మీ అత్త నాకొక్కడికే కాదు, నీకూ అన్నం కలిపి పెట్టాల్సొస్తుంది."

"విన్నాలే మామా" అంటూ మావాడు దాన్ని వెనక జేబులో దోపుకున్నాడు. వాళ్ళది ఆ వరస. నా కొడుకు అతన్ని మామా అని పిలవడం మా ఆయన పెట్టిన అలవాటు, ఏ చుట్టరికం లెక్కన అన్నది అడిగినవాళ్ళు లేరు.

పైపులు తగిలించడం దగ్గర పేచీ వచ్చింది. పైపు చివర్లో బిగించే పాత కప్లింగులు కొత్త ట్రాక్టరుకు పట్టవని తెలిసి మెకానిక్కు వేరేవి తెచ్చాడు. పాత పైపులన్నీ తీసి పారేస్తూ ఒకదాని దగ్గర ఆగాడు. దానికి మాత్రం గుడ్డ చుట్టి ఉంది, నా పాత చీర చెంగు. మా ఆయన చుట్టింది. గుడ్డ విప్పితే లోపల పైపు నల్లగా, నిగనిగలాడుతూ, నిన్న కొన్నట్టుంది.

"ఇది ఉంచుదాం మామా" అన్నాడు మావాడు. "చూడు, నాన్న ఎంత జాగ్రత్త చేశాడో."

"పైకి చూసి పిల్లనివ్వకూడదు, పైపును నమ్మకూడదు. నాలుగూ మార్చాలి. నేను తెచ్చినవాటిలో మూడే సరిపోయాయి, నాలుగోది కొలత తప్పింది. ఇప్పుడే వెళ్ళి తెస్తా. నేనొచ్చేదాకా ఇంజను ముట్టుకోవద్దు."

అతను మోటారుసైకిలు తిప్పుతుంటే మామూలుగానే వెనక్కి పిలిచాను, ముఖం చూశాను. "నీ వల్ల దుకాణం మూసేస్తాడు వదినా" అని వెళ్ళిపోయాడు.

మావాడు ఆ పైపును చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వాడి ముఖంలో ఏదో మెత్తదనం. ఆయన చెయ్యి పడ్డ వస్తువు ఒకటైనా పనికొస్తుందని లోలోపల సంతోషించాను.

అంతలో ఎగువన ఉరిమింది. మావాడు గండి వైపు చూశాడు, మబ్బు వైపు చూశాడు, పైపును బిగించడం మొదలుపెట్టాడు.

"మీ మామ వద్దన్నారుగా" అంది కోడలు.

"ఒక్కసారి ఎత్తి దించి చూద్దాం. ఆయనొచ్చేసరికి మిగతావన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో తెలుస్తుంది. నువ్వెక్కు."

కోడలు సీటెక్కింది. ట్రాక్టరు నేర్చుకున్నది తనే ముందు, మావాడికంటే బాగా నడుపుతుంది. ఇంజను వేసింది.

"ఎత్తనా?"

"మెల్లగా."

బకెట్టు కదిలింది. ఒకసారి మూలిగింది, తర్వాత మనిషి ఒళ్ళు విరుచుకున్నట్టు పైకి లేచింది. ఏళ్ళపాటు పేరుకున్న దుమ్ము జలజలా రాలింది. నేను చప్పట్లు కొట్టినంత పని చేశాను. సగందాకా లేచి అక్కడ వణికింది. మావాడు ముందు చక్రం వెనక్కి వంగాడు, పైపుల దగ్గరికి.

"ఆపు!" అన్నాడు. లేచి చెయ్యి విదిలించాడు.

"ఏమైందిరా?"

"ఏం లేదమ్మా, చీమ. పాకలో సామాను, చీమలుండవా?"

కోడలు ఇంజను కట్టేసింది. బకెట్టు గాల్లో అలాగే నిలబడిపోయింది. నేను టీ పెట్టి తెచ్చాను. గ్లాసు అందిస్తే ఎడంచేత్తో తీసుకున్నాడు. చిన్నప్పటినుంచీ ఎడంచేత్తో దేన్నీ అందుకోనివ్వలేదు వాణ్ణి. కుడిచెయ్యి లాల్చీ కింద దాచాడు.

"చెయ్యి చూపించు."

"మొదలెట్టావా? కొంపలు మునిగిపోతున్నట్టు."

"మునిగేదెలాగూ మునుగుతోంది. చెయ్యి చూపించు."

చూపించాడు. చూపుడువేలు మొదట్లో, అరచేతి వైపు, ఎర్రటి చుక్క. ఆవగింజంత. అంతకుమించి ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడమే నా ప్రాణాలు తోడేసింది.

"చెయ్యి పెట్టావా పైపు మీద?"

"లేదన్నానా!"

"అట్టముక్క ఎక్కడుంది?"

వెనక జేబులో చెక్కుచెదరకుండా ఉంది. నేనే లాక్కున్నాను.

"నొప్పి లేదమ్మా. నీ మీదొట్టు. సాయంత్రం వెళ్ళి చూపించుకుంటాలే, ముందు మామ రానీ, గండి పని కానీ."

"నొప్పి లేదు గనకే రా! నీకు నొప్పుంటే నేనింత భయపడనురా!"

కోడలు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తన కళ్ళల్లో నాకు తెలిసిన చూపే: అత్తయ్య మళ్ళీ మొదలుపెట్టింది. తప్పు తనది కాదు. జలుబు చేస్తే జ్వరమనీ, ఫోను ఎత్తకపోతే ప్రమాదమనీ ఇన్నేళ్ళు గుండెలు బాదుకున్న మనిషిని ఇవాళొక్కరోజు ఎందుకు నమ్మాలి? మెకానిక్కుకు ఫోను చేశాను. మోగింది, మోగింది, ఆగింది. బండి మీద ఉన్నాడు.

"అమ్మాయ్, ఇంజను వెయ్యి" అన్నాను.

"అత్తయ్యా..."

"ఒక్కసారి వెయ్యి. చీమే అయితే నేను చచ్చేదాకా మళ్ళీ నోరెత్తను."

చీపురు కర్ర చివర చీల్చి అట్టముక్క గుచ్చాను. కోడలు ఇంజను వేసి, లివరు కొంచెం లాగింది. నేను దూరంగా నిలబడి, కర్ర చాపి, ఆయన చుట్టిన పైపు పొడుగునా అట్టను జరిపాను. పైపు మీద ఏమీ కనపడదు. తడి లేదు, చుక్క లేదు. ఒకచోట మాత్రం పాము బుసలాంటి సన్నటి చప్పుడు. అక్కడ అట్ట టప్పున అదిరింది.

"ఆపు."

అట్టను కర్ర నుంచి తీసి కోడలి ఒళ్ళో పెట్టాను. దళసరి అట్ట. మధ్యలో బ్లేడుతో కోసినట్టు గీత, ఆ చివరనుంచి ఈ చివరకు, అవతల వెలుగు కనబడుతోంది.

"అట్టనే కోసేసింది. నీ మొగుడి తోలు దీనికంటే దళసరా?" అన్నాను.

కోడలి ముఖంలో రక్తం లేదు. దూకినట్టు దిగి మావాడి చెయ్యి పట్టుకుంది. వేలు అప్పటికే పాలిపోయి, కణుపులు తెలియకుండా నున్నగా ఉంది. మొదట్లో నొక్కితే ఆ ఎర్ర చుక్కలోంచి రక్తం కాదు, మెరిసే బొట్టు ఒకటి ఊరింది. ముగ్గురం దాన్ని చూశాం.

"స్పర్శ ఉందా?" అంది.

"... లేదు."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నారు!" అని అరిచింది. అంతలోనే ఏడ్చేసింది.

మావాడు గండి వైపు తిరిగాడు. "ఇవాళ పూడ్చకపోతే ఇల్లుండదమ్మా. నాన్న కట్టిన ఇల్లు. ఒక్క పూట. మామ పైపు తెస్తే నేను ఎడంచేత్తోనే..."

"ఇల్లు పోతే పోనీ."

"చేనూ పోయిందిగా. ఇంకేం మిగులుతుంది మనకు?"

"నీ చెయ్యి మిగులుతుందిరా. చెయ్యి ఉంటే ఇల్లు కట్టుకుంటావు. ఇల్లుంటే చెయ్యి కట్టుకుంటావా?"

కోడలు మా మోటారుసైకిలు తెచ్చింది. మావాడు వెనక కూర్చున్నాడు, కుడిచెయ్యి గుండెకు ఆనించుకుని, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు. నేను అట్టముక్క కోడలి చేతిలో పెట్టాను.

"చీమ అనొద్దు. దెబ్బ అనొద్దు. పైపులోంచి ఆయిలు దూరిందని చెప్పు. చుక్క చూసి నవ్వితే ఈ అట్ట చూపించు. మాత్ర ఇచ్చి పంపబోతే కదలొద్దు, గుమ్మానికి అడ్డం పడుకో. వేలు తెరిచి చూసేదాకా కదలొద్దు."

"సరే అత్తయ్యా."

బండి కదిలింది. గేటు దగ్గర కోడలు మామూలుగానే నెమ్మది చేసింది. మావాడు తల తిప్పి చూశాడు. పిలుస్తానని ఇద్దరూ ఆగారు. నా నోటిదాకా వచ్చింది, నాయనా, ఒక్కసారి ఇటు రా అని. వాడి ముఖం అంత దూరం నుంచి నాకు సరిగా ఆనడం లేదు. ముక్కు ఎక్కడో, కళ్ళెక్కడో.

"పో!" అన్నాను. "ఆగుతావేం? పో, పో!"

వెళ్ళిపోయారు.

నేను ట్రాక్టరు దగ్గరే కూర్చున్నాను. బకెట్టు మనిషెత్తున వేలాడుతోంది. ఎత్తి వదిలేయకూడదని మెకానిక్కు పొద్దున ఎన్నిసార్లన్నాడో. ఏ లివరు లాగితే దిగుతుందో నాకు తెలియదు, తెలిసినా చెయ్యి రాదు. పిల్లి తన పిల్లల్ని నోట కరుచుకుని మళ్ళీ దాని కిందికే చేరుస్తోంది, అదే దాని ఇల్లనుకుని. తరిమాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ తరిమాను. చిల్లి వల్ల కాబోలు, బకెట్టు కనీకనపడకుండా కిందికి జారుతోంది. మొదట నా తల పైన ఉంది. తర్వాత నా భుజం దగ్గరికొచ్చింది. ఆసుపత్రికి చేరి ఉంటారు అనుకున్నాను. ఇంకా జారింది. డాక్టరు ఉన్నాడో లేడో అనుకున్నాను.

మెకానిక్కు పైపు భుజాన వేసుకుని వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. నా ముఖం చూసి బండి స్టాండు కూడా వేయకుండా వదిలేశాడు.

"వాడేడీ?"

చెప్పాను. అతను తన చెయ్యి చూసుకున్నాడు. "నొప్పి అన్నాడా?" అని అడిగాడు.

"లేదన్నాడు."

"వెంటనే పంపావా?"

"టీ ఇచ్చాను. తర్వాత పంపాను."

"మంచిదే. నేను రాత్రంతా నిద్రపోయా వదినా."

లివరు తోసి బకెట్టు దించాడు. పాత పైపు ఊడబీకి కత్తితో నిలువునా చీల్చి నాకు చూపించాడు. లోపల ఇనుప తీగల అల్లిక ఉండాల్సిన చోట ఎర్రటి పొడి. గుడ్డ తడిని పట్టి ఉంచి, ఏళ్ళ తరబడి దాన్ని తినేసింది. పైన పటారం, లోన లొటారం. మా ఆయన జాగ్రత్త అది. అతను దాన్ని విసిరేయబోతే వద్దన్నాను. ఎందుకన్నానో తెలియదు.

కొత్త పైపు బిగించి, అట్ట పట్టి చూసి, అతనే ట్రాక్టరెక్కి వానలో గండి దగ్గరికి పోయాడు. మట్టి ఎత్తి పోస్తున్న చప్పుడు వినబడుతూనే ఉంది. వాగు చప్పుడు దాన్ని మించిపోతూ ఉంది.

ఫోను మోగేసరికి వాకిట్లో నీళ్ళు మడమలదాకా వచ్చాయి.

"అత్తయ్యా," కోడలి గొంతు బొంగురుపోయింది. "ముందు కూర్చున్న డాక్టరు చీమే అన్నాడు. మాత్ర రాశాడు. అట్ట చూపించా. లోపలికి తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకు చూపించారు. ఆయన ఇంకేమీ అడగలేదు, పరిగెత్తించాడు. ఆయిలు మణికట్టు దాకా ఎక్కిందట. ఇప్పుడే చెయ్యి తెరుస్తారట. ఒకసారితో కాదట, మళ్ళీ మళ్ళీ తెరిచి కడగాలట."

"చెయ్యి?"

"చెయ్యి దక్కించడానికి చూస్తానన్నాడు. వేలికి మాట ఇవ్వలేనన్నాడు."

గోడ పట్టుకున్నాను. వెనకాల ఎవరో తొందరపెడుతున్నారు. ఫోను చెయ్యి మారింది.

"అమ్మా."

"నాయనా."

"గండి?"

"మామ పోస్తున్నాడు."

"ఆగుతుందా?"

గుమ్మంలోకి చూశాను. నీళ్ళు మొదటి మెట్టు తడుపుతున్నాయి. కుట్టుమిషను కింద పిల్లి, నోట్లో ఆఖరి పిల్లతో, ఎక్కడ పెట్టాలో తెలియక తిరుగుతోంది.

"ఆగకపోతే మంచమెక్కి కూర్చుంటాను. నువ్వు లోపలికి పద."

ఊపిరి వినబడుతోంది. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "గేటు దగ్గర పిలుస్తావనుకున్నా. ఏంటి, పిలవలేదు?"

"ఇప్పుడు పిలుస్తున్నాగా" అన్నాను. ఇంకా ఏదో చెప్పాలనుకున్నాను. అవతల ఫోను అప్పటికే ఎవరో తీసేసుకున్నారు.